సాయం నిజంగా పనిచేస్తోందా? అభివృద్ధి సంస్థల ఫలితాల్ని కొలిచి మెరుగుపరిచే సమగ్ర మార్గదర్శి

స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికలు ఏవి తిరగేసినా ఇంచుమించు ఒకే రకం అంకెలు కనిపిస్తాయి: ఇన్ని గ్రామాల్లో పనిచేశాం, ఇంతమందికి శిక్షణ ఇచ్చాం, ఇన్ని కిట్లు పంచాం. ఇదంతా సంస్థ ఇచ్చినదాని లెక్క. తీసుకున్నవాళ్లకు ఏం ఒరిగిందో ఇందులో తెలియదు. అది తెలియాలంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పని జరగకపోయి ఉంటే వాళ్ల పరిస్థితి ఎలా ఉండేది? ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ ప్రశ్నకు నిజాయతీగా జవాబు రాబట్టడం కోసమే. సంస్థలు నడిపేవాళ్లకు, ఫీల్డ్‌లో పనిచేసేవాళ్లకు, విదేశాల నుంచి డబ్బు పంపే తెలుగువాళ్లకు ఇది పనికొస్తుంది.

1. ముందు నిర్ణయం, తర్వాతే సర్వే

ప్రశ్నపత్రం తయారు చేసే ముందు ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. "ఫలితం ఇంతకంటే ఎక్కువ వస్తే ఇది చేస్తాం. తక్కువ వస్తే అది చేస్తాం." రెండు వాక్యాల్లోనూ చేసే పని ఒకటే అయితే సర్వే వద్దు, ఆ డబ్బు కార్యక్రమానికే వాడండి.

ఏ స్థాయి కొలత కావాలో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. టీకాలు ప్రాణాలు కాపాడతాయని, మందు పూసిన దోమతెరలు మలేరియా మరణాల్ని తగ్గిస్తాయని ఇప్పటికే గట్టి ఆధారాలున్నాయి. అలాంటి పని చేసే చిన్న సంస్థ మరణాల రేటు కొలవబోతే డబ్బు దండగ. ఆ సంస్థ కొలవాల్సింది వేరు: తెర ఇంటికి చేరిందా, మంచం మీద వేలాడుతోందా, రాత్రి దాని కింద పిల్లలు పడుకుంటున్నారా. పద్ధతి కొత్తదై, ఎవరూ పరీక్షించనిదైతేనే అసలు ప్రభావాన్ని కొలిచే పెద్ద అధ్యయనం అవసరం. పథకం ఇంకా నెలనెలా మారుతూ ఉంటే దానికీ సమయం రానట్టే. ముందు పని ఒక గాడిన పడనివ్వండి.

2. గొలుసు రాయండి, ప్రతి లంకె దగ్గరా అంకె వేయండి

డబ్బు ఖర్చు కావడం నుంచి మనిషి బతుకు మారడం దాకా మధ్యలో ఏమేం జరగాలో వరసగా రాయాలి. పిల్లల టీకాల కార్యక్రమమే తీసుకోండి. నర్సు ఊరికి రావాలి, వ్యాక్సిన్ చల్లగా ఉండాలి, తల్లికి తేదీ తెలియాలి, ఆమె పని మానుకుని రావాలి, మళ్లీ మళ్లీ వచ్చి అన్ని డోసులూ పూర్తి చేయించాలి. ప్రతి లంకె పక్కన "నూటికి ఎంతమంది ఇక్కడిదాకా వస్తారు?" అని మీ అంచనా రాయండి. ఐదు లంకెల్లో ఒక్కోచోట 80 శాతం మంది నిలిచినా చివరికి మిగిలేది 33 శాతమే. కార్యక్రమం ఎక్కడ కారిపోతోందో ఈ కాగితమే సగం చెప్పేస్తుంది.

రెండో పని, గుణకారాలు చేసి చూడటం. ఆఫ్రికా దేశాల్లో పెట్టిన ప్లేపంపుల సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే భూగర్భ జలం ట్యాంకులోకి ఎక్కుతుందన్నారు. 2006లో అమెరికాలో దీనికి 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. ఒక్కో పంపు 2,500 మందికి నీళ్లిస్తుందన్నది లక్ష్యం. మనిషికి రోజుకు 15 లీటర్లు అనుకుంటే 37,500 లీటర్లు కావాలి. గంటకు 1,400 లీటర్లు తోడే పంపుతో అది నిండాలంటే పిల్లలు రోజుకు దాదాపు 27 గంటలు ఆడాలి. ఈ లెక్క బ్రిటన్ పత్రిక గార్డియన్ వేసి చూపించేసరికే పంపులు ఊళ్లలోకి వెళ్లిపోయాయి. క్యాలిక్యులేటర్‌తో పది నిమిషాల పని అది. దాన్ని ముందే చేసి ఉండాల్సింది.

3. అడిగి కాదు, చూసి తెలుసుకోండి

"చేతులు సబ్బుతో కడుక్కుంటారా?" అంటే అవుననే చెబుతారు. సాయం చేసే సంస్థ మనిషి ఎదురుగా కూర్చుంటే ఎవరైనా అతనికి నచ్చే జవాబే ఇస్తారు. అందుకే వీలైనచోటల్లా కంటికి కనిపించే గుర్తును కొలవాలి. కెన్యాలో నీటి వనరుల దగ్గర క్లోరిన్ డిస్పెన్సర్లు పెట్టిన కార్యక్రమంలో వాడుతున్నారో లేదో జనాన్ని అడిగి ఊరుకోలేదు. చెప్పకుండా ఇళ్లకు వెళ్లి, కుండలోని తాగునీటిలో క్లోరిన్ ఉందో లేదో పరీక్షించారు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో సేవా మందిర్ సంస్థ తన ఏకోపాధ్యాయ బడుల్లో, రోజూ బడి మొదట్లోనూ చివర్లోనూ తేదీ, సమయం పడే కెమెరాతో ఉపాధ్యాయుడి ఫొటో తీయించి, దాన్నిబట్టే జీతం లెక్కగట్టింది. గైర్హాజరు 42 శాతం నుంచి సగానికి పడిపోయింది.

కంటితో చూసి కొలిచేటప్పుడు కూడా తప్పులు జొరబడతాయి. పోషకాహార కార్యక్రమాల్లో వాడే జబ్బ చుట్టుకొలత టేపునే చూడండి. 6 నుంచి 59 నెలల పిల్లలకు ఎడమ జబ్బ కొలుస్తారు. మోచేయి మడిచి, భుజం ఎముక అంచుకూ మోచేతి మొనకూ సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టాలి. తర్వాత చెయ్యి తిన్నగా కిందికి వదిలేయించి, ఆ గుర్తు మీదే టేపు చుట్టి, మిల్లీమీటర్ల దాకా చదవాలి. 115 మిల్లీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపం, 115 నుంచి 125 లోపు అయితే మధ్యస్థ లోపం. టేపు చర్మం నొక్కుకునేలా బిగిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గి, ఆరోగ్యంగా ఉన్న పిల్ల కూడా లోపం జాబితాలో పడుతుంది. కార్యక్రమానికి ముందు చేసే సర్వేలో (బేస్‌లైన్) బిగించి, ముగిశాక చేసే సర్వేలో (ఎండ్‌లైన్) వదులుగా చుట్టినా చాలు, ఏ మార్పూ లేకుండానే కార్యక్రమం గొప్పగా పనిచేసినట్టు కనిపిస్తుంది. దీనికి రెండు జాగ్రత్తలు:

- ఫీల్డ్‌కు పంపే ముందు ప్రతి సర్వేయర్‌తోనూ అదే పదిమంది పిల్లల్ని రెండేసి సార్లు కొలిపించండి. ఒకే పిల్లకు రెండుసార్లు వేర్వేరు అంకెలు వచ్చినా, శిక్షకుడి కొలతతో పొసగకపోయినా ఆ వ్యక్తికి మళ్లీ శిక్షణ ఇవ్వాలి.
- డేటా వచ్చాక చివరి అంకెల్ని లెక్కపెట్టండి. 0 నుంచి 9 దాకా ఒక్కో అంకె సుమారు పదో వంతు ఉండాలి. 0, 5 రెండూ కలిపి 20 శాతాన్ని బాగా మించితే ఎవరో టేపు చదవకుండా ఉజ్జాయింపుగా రాసేస్తున్నారన్నమాట.

4. దేనితో పోలుస్తున్నారు?

ఇదే అసలు ఘట్టం. ఎక్కువ సంస్థలు దీన్ని తేలిగ్గా తీసుకుంటాయి కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి.

"ముందు ఇంత, తర్వాత ఇంత" అనే పోలిక ఎందుకు మోసం చేస్తుందో మెదక్ జిల్లా అనుభవం చూస్తే అర్థమవుతుంది. అతి నిరుపేద కుటుంబాలకు పశువులో చిన్న వ్యాపారమో ఇచ్చి, కొన్నాళ్లు భృతి, శిక్షణ, నిత్య పర్యవేక్షణ జోడించి పేదరికం నుంచి బయటపడేసే పద్ధతిని బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ రూపొందించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో ఎస్‌కెఎస్ సంస్థ దీన్ని అమలు చేసింది. సాయం అందుకున్న కుటుంబాల్ని మాత్రమే చూస్తే పరిస్థితి మెరుగుపడింది. ఆ అంకెలతో అందమైన నివేదిక వేసుకోవచ్చు. కానీ జొనాథన్ బోషే, జొనాథన్ మోర్డక్, షమికా రవి అనే పరిశోధకులు సాయం అందని కుటుంబాలతో పోల్చి చూస్తే వాళ్ల పరిస్థితీ అంతే మెరుగుపడింది. ఆ కాలంలో కూలి ఆదాయం పెరిగింది. సాయం పొందినవాళ్లు పశువుల మీద సంపాదించినంత మేరా కూలి రాబడి వదులుకున్నారు. నికరంగా మిగిలింది ఏమీ లేదు.

అంతమాత్రాన ఆ పద్ధతే చెడ్డదని కాదు. పశ్చిమ బెంగాల్‌లో బంధన్ అమలు చేసిన ఇలాంటి కార్యక్రమమే మంచి ఫలితాలిచ్చింది. భారత్‌తో పాటు ఇథియోపియా, ఘనా, హోండురాస్, పాకిస్తాన్, పెరూ దేశాల ఫలితాలు 2015లో కలిపి ప్రచురించారు, మొత్తమ్మీద అవి ఆశాజనకం. ఒకచోట నెగ్గిన పని మరోచోట ఎందుకు తేలిపోయిందో చెప్పగలిగింది ఆ పోలిక కుటుంబాలే. అవి లేకుంటే మెదక్‌లో కూడా "విజయం" అనే రాసుకునేవాళ్లు.

పోలిక గ్రామాల్ని ఎలా ఎంచుకోవాలంటే:

లాటరీ అన్నిటికంటే నమ్మదగ్గది. అర్హత ఉన్న గ్రామాలన్నిటి జాబితా రాసి, చీటీలు తీసో కంప్యూటర్‌తోనో సగం ఎంచండి. 2005 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులకు ఫలితాల ఆధారిత బోనస్ మీద కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో 5 జిల్లాల్లో 500 ప్రభుత్వ పాఠశాలల్ని ఇలాగే విభజించారు. సర్పంచ్ అడిగారనో, రోడ్డు బాగుందనో గ్రామాల్ని మార్చకండి. ఒక్క మార్పుతోనే పోలిక చెడుతుంది. లాటరీ అందరి ఎదుటా తీస్తే "మా ఊరికి ఎందుకు ఇవ్వలేదు" అనే ఫిర్యాదు కూడా తగ్గుతుంది.

అందరికీ ఇచ్చి తీరాల్సిందే అనుకుంటే ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్నది లాటరీతో తేల్చండి. ఎలాగూ ఒక్క ఏడాదిలో అన్ని గ్రామాలకూ చేరుకోలేరు. రెండో ఏడాది వంతు వచ్చిన ఊళ్లే మొదటి ఏడాదికి పోలిక.

లాటరీ అసలు కుదరకపోతే, జనాభా, సాగునీరు, పట్టణానికి దూరం వంటి విషయాల్లో దగ్గరగా ఉన్న ఊళ్లను జతలుగా ఎంచి, రెండువైపులా ముందూ తర్వాతా కొలిచి, మార్పుల మధ్య తేడా తీయండి. ఇది లాటరీ అంత గట్టిది కాదు కానీ ఒక్కవైపు కొలతకంటే ఎన్నో రెట్లు మేలు. శిక్షణకు వచ్చినవాళ్లను రానివాళ్లతో మాత్రం ఎప్పుడూ పోల్చకండి. వచ్చినవాళ్లు ముందే చురుకైనవాళ్లు.

5. ఎంతమందిని కొలవాలి?

ఒక ఉదాహరణతో లెక్క వేద్దాం. మూడో తరగతి పిల్లల్లో చిన్న కథ చదవగలిగేవాళ్లు 40 శాతం. మీ కార్యక్రమం దాన్ని 55 శాతానికి పెంచుతుందని ఆశ. ఆ 15 పాయింట్ల తేడా నిజంగా ఉంటే, దాన్ని పదికి ఎనిమిదిసార్లు పట్టుకోవాలంటే ఒక్కో వైపు సుమారు 170 మంది పిల్లలు చాలు. కానీ అది పిల్లల్ని విడివిడిగా ఎంచినప్పటి సంగతి. ఒకే ఊరి పిల్లలు ఒకే బడికి వెళ్తారు, ఒకే టీచర్ దగ్గర చదువుతారు, వాళ్ల ఫలితాలు ఒకేలా ఉంటాయి. ఊరికి 15 మందిని తీసుకుని, ఒకే ఊరి పిల్లల ఫలితాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే విలువ 0.1 అనుకుంటే, 1 + (15 − 1) × 0.1 = 2.4 రెట్లు ఎక్కువ మంది కావాలి. అంటే ఒక్కో వైపు 408 మంది, 28 ఊళ్లు. రెండువైపులా కలిపి 56 ఊళ్లు, 840 మంది.

సంస్థలు ఎక్కువగా చేసే తప్పు, రెండు ఊళ్లకు సాయం చేసి, రెండు ఊళ్లను పోలికకు తీసుకుని, ఒక్కోచోట వందల ఇళ్లు తిరగడం. ఆ ఒక్క ఊరికి మంచి టీచర్ బదిలీ మీద వస్తే కథంతా తారుమారు. ఇళ్లు తగ్గించి ఊళ్లు పెంచండి, అదే ఖర్చుకు నమ్మకం ఎక్కువ. అన్ని ఊళ్లు మీ దగ్గర లేకపోతే ప్రభావ అధ్యయనం పక్కన పెట్టి, గొలుసు లంకెల్ని శ్రద్ధగా కొలవండి.

6. ఫీల్డ్‌లో

ప్రశ్నలు ఊరి మాటలో ఉండాలి. "మీ కుటుంబ నెలసరి ఆదాయం ఎంత?" అని రైతుకూలీని అడిగితే వచ్చేది ఊహ. గత 7 రోజుల్లో ఇంట్లో ఎవరెవరు ఎన్ని రోజులు కూలికి వెళ్లారు, రోజుకు ఎంత ఇచ్చారు అని అడగండి. తిండి ఖర్చుకు వారం, నెలనెలా వచ్చే ఖర్చులకు 30 రోజులు, ఆస్పత్రి, పెళ్లి, పండగ వంటి పెద్ద ఖర్చులకు ఏడాది గడువు పెట్టండి. ఉత్తరాంధ్రలో రాసిన ప్రశ్న ఆదిలాబాద్‌లో అలాగే అర్థమవుతుందనుకోవద్దు. ప్రతి ప్రాంతంలోనూ కనీసం 20-30 ఇళ్లలో పరీక్షించి చూడాలి.

బేస్‌లైన్, ఎండ్‌లైన్ ఒకే నెలలో జరగాలి. వరి కోతల్లో ఒకటి, ఎండాకాలంలో మరొకటి చేస్తే కొలిచేది కార్యక్రమాన్ని కాదు, కాలాన్ని.

ట్యాబ్‌లో కోబో టూల్‌బాక్స్, ఓడీకే వంటి ఉచిత యాప్‌లు చాలు. ప్రతి ఫారానికీ మొదలైన, ముగిసిన సమయం, జీపీఎస్ నమోదు కావాలి. 40 నిమిషాల సర్వే 11 నిమిషాల్లో ముగిసిందంటే ఆరోజే ఫోన్ చేయండి. పదో వంతు ఇళ్లకు వేరే మనిషి తిరిగి వెళ్లి, మారే వీలులేని ఐదారు ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఈ తనిఖీ మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. సర్వే అయిపోయాక తప్పు దొరికితే చేయగలిగిందేమీ ఉండదు. సర్వేయర్లు కార్యక్రమం నడిపే సిబ్బంది కాకూడదు. తన పనికి తనే మార్కులు వేసుకునే ఇబ్బంది ఎవరికీ పెట్టకూడదు.

సమ్మతి తీసుకోవడం తప్పనిసరి. "చెప్పకపోయినా మీకు వచ్చే సాయం ఆగదు" అని తెలుగులో స్పష్టంగా వినిపించాలి. పేర్లు, ఫోన్ నంబర్లు వేరే ఫైల్లో ఉంచాలి.

కొలత ఎప్పుడు ఆపాలన్నది కూడా ముఖ్యమే. ఒడిశాలో పొగ తక్కువ వచ్చే పొయ్యిలను నాలుగేళ్లు వెంటాడి చూస్తే, మొదటి ఏడాది లోపలికి పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ తేడా పోయింది. జనం వాటిని క్రమంగా సరిగ్గా వాడటం మానేశారు, మరమ్మతులు చేయించలేదు. ఏడాదికే సర్వే ముగించి ఉంటే ఆ పొయ్యిలు విజయగాథగా మిగిలేవి. వస్తువులు పంచే కార్యక్రమాలకు రెండేళ్ల తర్వాత ఇంకోసారి వెళ్లాల్సిందే.

7. ఒక్కో ఫలితానికి ఎంత పడింది?

చదువు ఉదాహరణనే కొనసాగిద్దాం, అంకెలు కల్పితం. 1,600 మంది పిల్లలు, ఏడాదికి 24 లక్షల ఖర్చు. కార్యక్రమం నడిచిన ఊళ్లలో చదవగలిగేవాళ్లు 40 నుంచి 62 శాతానికి పెరిగారు. పోలిక ఊళ్లలో 40 నుంచి 52కి. మీ వల్ల వచ్చింది 22 పాయింట్లు కాదు, 10. అంటే 160 మంది. ఒక్కో కొత్త పాఠకుడికి 15,000 రూపాయలు. పోలిక లేకుండా లెక్కేస్తే 352 మంది, ఒక్కొక్కరికి 6,800 చిల్లర అని తేలేది. దాత ముందు ఏ అంకె పెట్టాలో వేరే చెప్పక్కర్లేదు.

ఖర్చులో జీతాలు, ప్రధాన కార్యాలయం వాటా, శిక్షణ, ఉచితంగా వచ్చిన వస్తువుల విలువ, ప్రభుత్వ సిబ్బంది సమయం, అన్నీ చేర్చాలి. వాలంటీర్ల సమయానికి కూడా స్థానిక కూలి రేటు కట్టండి. లేదంటే వేరే ఊళ్లో అమలు చేసినప్పుడు ఖర్చు రెట్టింపవుతుంది.

కొన్నిసార్లు ఖర్చు పెంచితేనే చవకవుతుంది. ఉదయ్‌పూర్ జిల్లాలోనే సేవా మందిర్ టీకాల శిబిరాల్ని 134 గ్రామాల్లో పరీక్షించారు. ఏమీ చేయని ఊళ్లలో పూర్తి టీకాలు పడిన పిల్లలు 6 శాతం. నెలనెలా తప్పక జరిగే శిబిరం పెట్టినచోట 18. శిబిరానికి తోడు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక పళ్లేల సెట్టు ఇచ్చినచోట 39. పప్పు ఇవ్వడం దండగ ఖర్చని అనిపిస్తుంది. కానీ పూర్తిగా టీకాలు వేసిన ఒక్కో బిడ్డకు పడిన ఖర్చు ఒట్టి శిబిరంలో 2,202 రూపాయలు, పప్పుతో 1,102 రూపాయలు. నర్సు జీతం ఎంతమంది వచ్చినా అంతే. ఎక్కువమంది వచ్చేసరికి తలకు పడే ఖర్చు సగమైంది.

వచ్చిన అంకెను మరో ప్రశ్నతో పోల్చండి: ఇదే డబ్బు నేరుగా ఆ కుటుంబాల చేతిలో పెడితే ఏమయ్యేది? గివ్‌డైరెక్ట్‌లీ వంటి సంస్థలు ఆఫ్రికాలో అదే చేస్తున్నాయి. మీ పని నగదుకంటే మెరుగని చూపించలేకపోతే దాన్ని మార్చే ఆలోచన చేయాలి.

8. ఫలితం బాగాలేనప్పుడు

ముందు గొలుసు కాగితం తీయండి. సాయం చేరకపోవడం ఒకటి, చేరినా పనిచేయకపోవడం మరొకటి. మొదటిది నిర్వహణ లోపం, సరిదిద్దవచ్చు. ఒక్కో లంకెలో ఒక్కో మార్పు చేసి, సగం కేంద్రాల్లో పాతది, సగంలో కొత్తది రెండు మూడు నెలలు నడిపి చూడండి: ముందురోజు ఫోన్ చేయడం, శిబిరం సమయం మార్చడం, ధర తీసేయడం. కెన్యాలో గర్భిణులకు దోమతెర ఉచితంగా ఇవ్వకుండా 0.60 డాలర్లు తీసుకుంటే తీసుకెళ్లేవాళ్లు 60 పాయింట్లు తగ్గిపోయారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎక్కువ వాడిందీ లేదు.

రెండోదైతే ఆపేయడమే సరి, అది అవమానమేమీ కాదు. ఎవిడెన్స్ యాక్షన్ సంస్థ బంగ్లాదేశ్‌లో కరువు నెలల్లో పనికోసం పట్నాలకు వెళ్లేందుకు పేద కుటుంబాలకు దారిఖర్చు సమకూర్చేది. 2008 నాటి తొలి అధ్యయనంలో వలస వెళ్లేవాళ్లు 22 పాయింట్లు పెరిగారు. పెద్దఎత్తున విస్తరించాక 2017లో మళ్లీ కొలిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఆ ఫలితాన్ని బయటపెట్టి, 2019లో కార్యక్రమాన్ని మూసేశారు. చిన్నగా ఉన్నప్పుడు నెగ్గింది పెద్దదైతే నెగ్గుతుందని హామీ లేదు. విస్తరించాక మరోసారి కొలవడానికి బడ్జెట్ ముందే పెట్టుకోవాలి.

9. డబ్బు పంపేవాళ్లకు

"నూటికి ఎంత ఆఫీసు ఖర్చు?" అన్నది దాతలు మొదట అడిగే ప్రశ్న. ఆ అంకె మోసాన్ని పట్టుకోవడానికి కొంత పనికొస్తుంది కానీ ఫలితం గురించి ఏమీ చెప్పదు. పనికిరాని వస్తువును 5 శాతం ఖర్చుతో పంచినా అది పనికిరానిదే. పైగా సర్వేలకు, తనిఖీలకు అయ్యే ఖర్చు చాలాచోట్ల ఆ ఆఫీసు ఖర్చు పద్దులోకే వెళ్తుంది. దాన్ని తగ్గించమని ఒత్తిడి పెడితే కొలతే ఆగిపోతుంది. దానికి బదులు ఇవి అడగండి: మీ పోలిక గ్రామాలేవి? ఒక్కో ఫలితానికి ఎంత పడింది? గత మూడేళ్లలో ఫలితాలు చూసి ఏ పని మార్చారు, ఏది మానేశారు? మూడో ప్రశ్నకు జవాబు లేని సంస్థ అంకెలు సేకరిస్తోందే తప్ప వాడటం లేదు.

విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సంగతులు కొన్ని తెలిసి ఉండాలి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా వంటి దేశాల పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, పంపితే అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో నిర్దేశిత ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బులో పరిపాలన ఖర్చులు 20 శాతం మించకూడదు, దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి సర్వే ఖర్చు ఏ పద్దు కిందికి వస్తుందో ప్రతిపాదన రాసే దశలోనే ఆడిటర్‌తో తేల్చుకుని, కొలతకు విడిగా ఒక వరస పెట్టించండి. విరాళం ఇచ్చేటప్పుడే "ఇందులో ఇంత భాగం కొలతకే" అని ఉత్తరంలో రాసిస్తే సంస్థకు చేతులు ఆడతాయి.